మరియమ్మ పేరులో మూలల్లేవు

తాడేపల్లిగూడెంలో లారీల మొహాలు చూసినవాళ్లెవరికైనా ఆర్టిస్టు యోసేపు తెలిసినట్టే. మనిషి తెలియకపోయినా చెయ్యి తెలుస్తుంది. ఉల్లిపాయల మార్కెట్లో వరసగా ఆగిన లారీల నొసళ్ల మీద, తెలుగు అక్షరం గుండ్రంగా ఉండాలన్న మర్యాద బొత్తిగా లేకుండా, మందంగా, కోణాలు కోణాలుగా, మీదికి దూకేటట్టు కనిపించే రాతలన్నీ అతనివే. జనం వాటికి కత్తి అక్షరాలని పేరు పెట్టారు. పెట్టింది జనమే గానీ, ఆ పేరు విన్న రోజు యోసేపు మీసం కింద నవ్వుకున్నాడు.

ఆ అక్షరం పుట్టింది కళ కోసం కాదు, కోపం వల్ల. వెంకట్రాజు గారని ఒక లారీ ఓనరు కొత్త బండి కొని, నొసటి మీద ‘రారాజు’ అని రాయమన్నాడు. ఆ రేకేమో మడతలు మడతలుగా ఉంది. ‘ర’ రాయబోతే మడత దగ్గర బ్రష్షు జారి గుండ్రం కాస్తా గుమ్మడికాయలా సాగింది. తుడిచాడు, రాశాడు. మళ్లీ తుడిచాడు. యోసేపుకి అసలే ముక్కు మీద కోపం. ‘నీకు గుండ్రం అక్కర్లేదన్నమాట, ఉండు నీ పని చెప్తాను’ అని రేకుతోనే పోట్లాట పెట్టుకుని, పాత బద్ద బ్రష్షు తీసి, ఆ గుండ్రాన్ని నాలుగు గీతలతో కొట్టిపారేశాడు. తలకట్టుని కత్తి మొనలా పైకి లాగాడు. దూరంగా నిలబడి చూసిన వెంకట్రాజు గారు అదిరిపడ్డారు.

“ఏవండీ ఆర్టిస్టు గారూ, ఇదేంటండీ! మా బండి ఎవర్నో కొట్టడానికి వెళ్తున్నట్టుందీ?”

“చెరిపేస్తాను లెండి.”

“అబ్బే, చెరపకండి, చెరపకండి. అలాగే ఉండనివ్వండి. బెదురుతారు.”

అంతే. ఆ తరవాత గూడెంలో ఎవరికి ఎవర్ని బెదిరించాలన్నా యోసేపు కావాల్సి వచ్చాడు. కబడ్డీ పోటీల గోడరాతలు, అభిమాన సంఘాల బ్యానర్లు, ఐసు ఫ్యాక్టరీ గోడలు, ఉండి దగ్గర రొయ్యల చెరువుల మీద ‘కుక్కలున్నవి జాగ్రత్త’ బోర్డులు. ఆ బోర్డు చూస్తే కుక్కలు కూడా జాగ్రత్తపడేవని హాస్యమాడేవాళ్లు. అయితే యోసేపుకి ఒక పట్టింపు ఉండేది. పెళ్లిపందిరికి కత్తి అక్షరం రాయడు. సమాధి రాయికి రాయడు. చర్చి గోడ మీద వాక్యం రాయమంటే చక్కగా ముత్యాల్లా గుండ్రంగా రాసేవాడు. “దూరం నుంచి అరవాల్సిన మాటకి కత్తి అక్షరం. పక్కన కూర్చుని చెప్పాల్సిన మాటకి గుండ్రటి అక్షరం. అటుదిటు చెయ్యకూడదు” అనేవాడు. పాస్టరు గారు ఈ ముక్క ఒక ఆదివారం ప్రసంగంలో కూడా వాడుకున్నారు.

పక్కన కూర్చుని చెప్పే అక్షరాలన్నీ మరియమ్మకి చెప్పాడు. ఆమె అతని భార్య. మండవల్లి అవతల కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. ఆమె చిన్నప్పుడు వాళ్ల లంకకి రోడ్డు లేదు, రేవు నుంచి పడవ మీదే రాకపోకలు. బడికి కూడా పడవెక్కి వెళ్లాలి గనక ఆమెని పంపలేదు. పెళ్లయిన కొత్తలో యోసేపు పెరటి మెట్టు మీద సుద్దముక్కతో రాసి, ఆమె వేలు పట్టుకుని దిద్దించాడు. మొదట దిద్దించింది ఆమె పేరే.

“చూశావా, ‘మ’ గుండ్రం, ‘రి’ గుండ్రం, ‘య’ గుండ్రం, ‘మ్మ’ మరీ గుండ్రం. నీ పేరులో ఒక్క మూలైనా లేదే! నా కత్తికి తెగదు.”

“తెగకపోతే మంచిదేగా, వదిలెయ్యండి” అని నవ్వింది మరియమ్మ.

చివరి ‘మ్మ’ కింది ఒత్తుని యోసేపు ఎప్పుడూ కాస్త సాగదీసి, చివర్లో చిన్న మెలిక పెట్టేవాడు. ఎందుకంటే ఆమె వేలు ఆ మెలిక దగ్గరికి రాగానే నవ్వేది గనక. చదవడం వచ్చాక ఆమె బైబిలు చదువుకుంది, బస్సు బోర్డులు చదువుకుంది, పప్పుల పొట్లాల కాగితాలు కూడా వదల్లేదు. మొగుడి కత్తి అక్షరాలు మాత్రం చచ్చినా చదవలేకపోయింది. “ఏవండీ, ఇవి అక్షరాలా, పగిలిన గాజుపెంకులా? చెప్పుల్లేకుండా వీటి పక్కనుంచి నడవకూడదు బాబూ” అని ఏడిపించేది. వాళ్లకి జ్యోత్స్న ఒక్కతే కూతురు. తణుకులో టీచరు.

తరవాత ఫ్లెక్సీలొచ్చాయి. బ్రష్షు పట్టినవాళ్లందరి నోట్లో మట్టి పడింది. యోసేపు కొన్నాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని, ఒకరోజు మార్కెట్టుకెళ్లి నిలబడిపోయాడు. నడిరోడ్డు మీద, రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీలో, తన అక్షరాలు! తను రాయలేదు. కానీ ఆ తలకట్టు తనదే, ఆ కోణం తనదే. తన చెయ్యి తనకి చెప్పకుండా ఊరి మీద తిరుగుతున్నట్టు ఒళ్లు జలదరించింది. ఫ్లెక్సీ అడుగున షాపు పేరు చూసుకుని నేరుగా దెబ్బలాటకి వెళ్లాడు.

షాపు యజమాని హేమంత్‌కుమార్ యోసేపుని చూడగానే కుర్చీ లోంచి లేచాడు. “మీకోసమే అనుకుంటున్నానండీ. లారీలన్నీ తిరిగి మీ అక్షరాలు ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఫాంటు చేశానండీ. పేరు కూడా ‘కత్తి’ అనే పెట్టానండీ. తప్పయితే క్షమించండి” అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. అంత మర్యాదగా దొంగతనం ఒప్పుకునేవాణ్ణి ఏమని తిడతాం? యోసేపు కూడా తిట్టలేకపోయాడు. మర్నాటి నుంచి అదే షాపులో కూర్చుని, ఏ ఫ్లెక్సీకి ఏ అక్షరం పనికొస్తుందో చెప్పే పెద్దమనిషయ్యాడు. పుట్టువెంట్రుకల ఫ్లెక్సీకి కత్తి ఫాంటు పెట్టబోతే హేమంత్ చేతిమీద కొట్టినంత పని చేసేవాడు. “పసిబిడ్డ పండగండీ అది. మంగలి కత్తి చాలదా, మళ్లీ మన కత్తెందుకు?” అనేవాడు.

ఈలోగా మరియమ్మకి మతిమరుపు మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. జ్యోత్స్నని పట్టుకుని చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచేది. డాక్టరు ఇది పెరిగే జబ్బేనని చెప్పాడు. యోసేపు ధైర్యం యోసేపుది. ఎవర్ని మరిచినా సాయంత్రం అయ్యేసరికి గుమ్మంలో నిలబడి “ఏవండీ, వచ్చారా” అంటుంది గదా. ఆ మాట వినబడినంత కాలం జబ్బు గెలవనట్టే లెక్క వేసుకున్నాడు.

ఒక సాయంత్రం ఇంటికొస్తే ఆ మాట వినబడలేదు. తలుపు బార్లా తీసి ఉంది. అన్నం వార్చిన గిన్నె వార్చినట్టే ఉంది. మనిషి లేదు. పక్కింటివాళ్లు చూడలేదు, చర్చిలో లేదు, మార్కెట్లో లేదు. రైల్వే స్టేషన్ దగ్గర పళ్లమ్మే ఆవిడ మాత్రం, “ఇందాక ఏలూరు వైపు పాసింజరెక్కారండీ. ఎక్కడికమ్మా అంటే మా లంకకి అన్నారు. మీరు వెనకాల ఉన్నారనుకున్నానండీ” అంది. యోసేపు పై ప్రాణాలు పైనే పోయాయి. పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చి, మండవల్లి చుట్టాలకి ఫోన్లు చేయించి, అటునుంచటే షాపుకి పరిగెత్తాడు.

“కనబడుటలేదు అని ఫ్లెక్సీ కొట్టండి హేమంత్ గారూ. పెద్దది. కదిలే బస్సులోంచి కూడా కనబడాలి.”

“ఏ ఫాంటండీ?”

“కత్తే పెట్టండి! అరవాలి. ఊరూవాడా అరిచి చెప్పాలి!”

జీవితమంతా అటుదిటు చెయ్యకూడదన్న మనిషి, ఆ కంగారులో తన మాట తనే మింగేశాడు. ఎవరికైనా అంతే, ఇల్లు కాలుతున్నప్పుడు పట్టింపులు గుర్తుంటాయా? హేమంత్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాపం అతని చేతులకి అలవాటైంది ఒకే రకం పని. ఎర్రటి నేపథ్యం, నల్లటి పొగ, మధ్యలో మనిషి మొహం. మరియమ్మ ఫోటో ఒక్కటే దొరికింది, జ్యోత్స్న బడిలో జెండా పండగనాడు ఎండలో కళ్లు చిట్లించి తీయించుకున్నది. కళ్లు చిట్లిస్తే ఎంత సాత్వికురాలైనా కోపంగానే కనబడుతుంది. పైన కత్తి అక్షరాల్లో ‘కనబడుటలేదు’. కింద, అదీ మొట్టమొదటిసారి కత్తి అక్షరాల్లో, ‘మరియమ్మ’. ఫోను నంబరు అట్టడుగున సన్నటి వరసలో సర్దాడు. పాత డిజైన్లో ఉన్న నిప్పురవ్వలు తీసెయ్యడం మరిచిపోయాడు. రాత్రికి రాత్రే గూడెం స్టేషన్లో, భీమడోలులో, ఏలూరు బస్టాండు బయట, కైకలూరులో, మండవల్లిలో కట్టించాడు. రూపాయి ముట్టుకోలేదు. ఆ మంచితనానికి ఏమీ అనలేం గానీ, ఆ నిప్పురవ్వలు మాత్రం కొంప ముంచాయి.

పొద్దున్నే ఫోను మోగింది. యోసేపు రెండు చేతులతో పట్టుకుని చెవిన పెట్టుకున్నాడు.

“హలో, చెప్పండి బాబూ, కనబడిందా?”

“కనబడిందండీ! అదిరిపోయిందండీ! రిలీజెప్పుడండీ?”

యోసేపుకి అర్థం కాలేదు. ఎవరో పొరపాటున చేశారనుకుని పెట్టేశాడు. మళ్లీ మోగింది. హీరో ఎవరండీ అని ఒకరు. ట్రైలరు ఎప్పుడొదుల్తారండీ అని ఇంకొకరు. భీమడోలు నుంచి ఒక పెద్దాయన, “మన గూడెం వాళ్లు సినిమా తీశారంటే గర్వంగా ఉందండీ. అమ్మ పాత్ర మీదే కథంతా నడుస్తుందాండీ?” అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. యోసేపు గోడకి ఆనుకుని అలా నిలబడిపోయాడు. అతని పెళ్లాం తప్పిపోయింది. ఊళ్లో టిక్కెట్లడుగుతున్నారు!

“సినిమా కాదండీ. అది మా ఆవిడండీ. నిజంగానే కనబడటం లేదండీ” అని చెప్పాడు.

“అబ్బో, పబ్లిసిటీ భలే చేస్తున్నారండీ” అన్నాడు ఆ పెద్దాయన.

యోసేపు ఫోను నేలకేసి కొట్టబోతే జ్యోత్స్న చెయ్యి పట్టుకుని ఆపింది. రాత్రే తణుకు నుంచి వచ్చింది ఆ పిల్ల. తండ్రి ఏడుపు చూడలేక, అటు తిరిగి తన ఫోను చూసుకుంటూ ఉంది. అప్పుడే బడి టీచర్ల గ్రూపులో ఒకావిడ ఎవరిదో స్టేటస్ ఫోటో పెట్టి, ‘జ్యోత్స్న గారూ, ఈవిడ అచ్చం మీ అమ్మగారిలా ఉన్నారేంటండీ?’ అని రాసింది. జ్యోత్స్న కెవ్వున కేక పెట్టింది.

ఆ ఫోటోలో ఎవరో కుర్రాడు రెండు వేళ్లు చూపిస్తూ పళ్లికిలిస్తున్నాడు. వాడి వెనక ఏలూరు బస్టాండు, కంచెకి కట్టిన ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ కింద సిమెంటు గట్టు మీద, నలిగిన చీరలో, చెప్పుల్లేని కాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషి మరియమ్మ. ఫోటో మీద ఇలా రాసి ఉంది: ‘కనబడుటలేదు మూవీ అమ్మగారితో. సినిమా మనిషై ఉండి కూడా నేలమీదే కూర్చున్నారు. ఎంత సింపులో!’

యోసేపు ఆ ముక్క చదివి నిలువునా కొయ్యబారిపోయాడు. తన ఫ్లెక్సీ కింద తన మనిషే కూర్చుంటే, మొహం చూసి, పేరు చూసి, పక్కన కూర్చుని ఫోటో కూడా దిగి, వెళ్లిపోయారు. ఒక్కడు ఒక్క మాట చెప్పలేదు. ఇదెక్కడి విడ్డూరం తండ్రీ! ఫోను చెయ్యగానే హేమంత్ కారు తీసుకొచ్చాడు. దెందులూరు దాటాక హేమంత్ ఒక్కసారి “నిప్పురవ్వలు తీసుంటే బాగుండేదండీ” అని ఏడ్చాడు. యోసేపు అతని భుజం మీద చెయ్యి వేశాడు. అరవమన్నది తనే గదా.

ఏలూరు బస్టాండు బయట చిన్న గుంపు ఉంది. యోసేపు గుంపులోకి తోసుకుపోతుంటే టీ కొట్టాయన ఆపి, “తొయ్యకండి మాస్టారూ, అందరికీ ఫోటో ఇస్తారు. పాపం కాదనరండీ ఆవిడ” అన్నాడు.

“ఆవిడ మా ఆవిడయ్యా!”

టీ కొట్టాయన నవ్వబోయి, యోసేపు మొహం చూసి ఆగిపోయాడు. ఫ్లెక్సీ వంక చూశాడు, మరియమ్మ వంక చూశాడు. చేతిలో గ్లాసు జారి పగిలింది.

“అయ్యబాబోయ్! నిజమాండీ? నిన్నట్నుంచీ ఇక్కడే ఉన్నారండీ. ఊడ్చే ఆవిడ పక్కన పడుకున్నారు. టీ, బన్నూ నేనే ఇచ్చానండీ, ఆర్టిస్టులు గదాని. ఎవరొచ్చినా ఒక్కటే మాట అడుగుతున్నారండీ, మా లంకకి పడవ ఎప్పుడండీ అని. బస్టాండులో పడవేంటండీ? సినిమాలో డైలాగు చెప్తున్నారనుకున్నామండీ. మళ్లీ చెప్పండమ్మా అని చెప్పించుకుని చప్పట్లు కూడా కొట్టామండీ!”

ఆ చివరి మాటకి జ్యోత్స్న రెండు చేతులతో మొహం కప్పుకుంది. గుంపంతా చడీచప్పుడు లేకుండా వెనక్కి జరిగింది. ఎత్తి పట్టుకున్న ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

యోసేపు గట్టు ముందు కూలబడ్డాడు. “మరియమ్మా” అన్నాడు.

మరియమ్మ కాళ్లు ఇంకాస్త ముడుచుకుంది. కళ్ల కింద నల్లగా వాచి ఉంది. “ఫోటోలు చాలండీ. కళ్లు మంటలెత్తుతున్నాయి” అంది మెల్లిగా.

ఆమె చూపు యోసేపు మొహం మీద నుంచి, టీ కొట్టాయన మీదికి, మళ్లీ అతని మీదికి వచ్చింది. ఆ ఇద్దరికీ ఆ కళ్లలో తేడా లేదు. అందర్నీ మరిచినా తనని మరవదన్న లెక్క అక్కడికక్కడ తప్పిపోయింది. నేనే, నేనేనే అని రెండుమూడుసార్లు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఏం చెయ్యాలో తోచక తలెత్తి ఫ్లెక్సీ చూపించాడు.

“అదుగో, చూడు. నీ పేరే. నీకోసమే కట్టించాను.”

మరియమ్మ తలెత్తి చూసింది. పొద్దస్తమానం దాని కిందే కూర్చుందిగా, కొత్తేముంది. “అవి అక్షరాలాండీ?” అంది. “గాజుపెంకుల్లా ఉన్నాయి. నేను చెప్పులు కూడా వేసుకోలేదు.”

యోసేపు చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. బ్రష్షు వదిలి ఎన్నాళ్లయినా జేబులో సుద్దముక్క వదల్లేదు ఆ మనిషి. గట్టు మీద, ఆమె కాళ్ల పక్కన రాయడం మొదలుపెట్టాడు. గుండ్రం ఎక్కడా తప్పలేదు. ‘మ’ రాశాడు, ‘రి’ రాశాడు, ‘య’ రాశాడు. ‘మ్మ’ రాసి, కింది ఒత్తు సాగదీసి, చివర్లో మెలిక పెట్టాడు.

మరియమ్మ వంగి చూసింది. చూపుడువేలు ‘మ’ మీద పెట్టింది. పక్కన ఎవరున్నారో పట్టనట్టు, చిన్నపిల్ల దిద్దినట్టు నెమ్మదిగా దిద్దుకుంటూ పోయింది. మెలిక దగ్గరికి వచ్చేసరికి నవ్వింది.

“ఇది నా పేరండీ” అంది. “ఇలా ఒక్కరే రాస్తారు. మీకెలా వచ్చింది?”

“ఎవరు రాస్తారు?” అన్నాడు యోసేపు.

“మా ఆయన. యోసేపు గారని, గూడెంలో ఆర్టిస్టండీ. మిమ్మల్ని ఆయన పంపారా?”

జ్యోత్స్న ఏదో చెప్పబోతే యోసేపు చేత్తో వారించాడు. పెళ్లయినప్పట్నుంచీ నువ్వు అనే తప్ప ఇంకోలా పిలవని మనిషి, చేతులు దగ్గరికి చేర్చుకుని అన్నాడు:

“అవునండీ. ఆయనే పంపారండీ.”

“ముందే చెప్పొచ్చు గదండీ! పదండి మరి” అని మరియమ్మ గట్టు దిగింది. యోసేపు తన చెప్పులు విడిచి ఆమె కాళ్ల ముందు పెట్టాడు. ఆమె మొహమాటపడుతూనే వేసుకుంది. అతను ఎండలో ఉత్తకాళ్లతో ఆమె పక్కన కారు దాకా నడిచాడు. వెనకాల హేమంత్ కంచె ఎక్కి, ఫ్లెక్సీని చేతులతో చింపేస్తున్నాడు.

కారులో కూర్చున్నాక మరియమ్మ అతని వైపు వంగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

“ఒక్క మాటండీ. ఇలా తప్పిపోయానని మా ఆయనకి చెప్పకండి. అసలే కంగారు మనిషి, ఏడుస్తారు.”

“చెప్పనండీ” అన్నాడు యోసేపు.